దుకాణం గోడ మీది ఫొటో

హుఫూఫ్ పక్క ఖర్జూర తోట,
గురువారం సాయంత్రం

అక్కా,

దండం తర్వాత పెడతాను. ముందు ఒక అన్యాయం సంగతి చెప్పాలి, చేసినవాడి పేరుతో సహా. మన ఊరి విత్తనాల దుకాణం శంకరయ్య నన్ను ఒక్క మాట అడగకుండా నా ఫొటోను తన దుకాణం గోడకు అంటించాడు. దాన్ని చూపించి ఊరందరికీ కనోలా విత్తనం అంటగడుతున్నాడు. ఆ ఫొటోలో ఛాతీ దాకా పెరిగిన పచ్చటి చేనులో నవ్వుతూ నిలబడ్డది నేనే, కాదనను. కానీ ఆ చేను తర్వాత ఏమైందో గోడ చెప్పదు. శంకరయ్య అసలే చెప్పడు. నేను చెప్పాలి.

ఇప్పుడు దండం. నీకూ బావకూ దండాలు. అందరూ ఎట్లా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా, ఇంకా కర్ర పట్టుకునే బాయి కాడికి పోతున్నాడా? ఎర్ర బర్రె ఈనిందా? పెద్దవ్వకు కంటి ఆపరేషన్ అయిన తర్వాత మనుషుల ఆనవాలు తెలుస్తోందా? నేను బాగానే ఉన్నాను. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా రెండు మూడు సార్లు రాస్తానేమో, రాసిన ప్రతిసారీ నమ్ము.

మొన్న ఫోన్‌లో నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. పెట్టేసి మంచి పని చేశావు. నువ్వేమో సంబరంగా చెప్పావు: "తమ్మీ, నీ ఫొటో పెద్దగ చేపిచ్చి గోడకు పెట్టిండు రా శంకరయ్య. పోయేటోల్లు వచ్చేటోల్లు నిన్నే సూస్తున్నరు. ఈ యాసంగికి మన బాయి కింద మొత్తం గదే ఏస్త."

నేను అరిచాను: "నీకు తెలివి ఉన్నదా అక్కా?"

"తెలివి లేకనే గదరా ఇన్నేండ్లు ఎవుసం చేసిన! మక్క ఏస్తే అడివి పందులు బుక్కుతున్నయి. రాత్రంత కావలికి నువ్వు వస్తవా, నువ్వు సదివే కరపత్రాలు వస్తయా?"

పందుల మాట నిజం. ఆవాల జాతి పంటను పందులు అంతగా ముట్టవన్నదీ నిజమేనేమో. నీ ఆలోచనలో తప్పు లేదు అక్కా. ఫోన్‌లో అయితే నాకు మళ్లీ కోపం వస్తుంది, నువ్వు మళ్లీ పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మీద అరవలేం కదా. మా గదిలో ఉండే మన ఊరి పోచన్న కాక ఎల్లుండి దమ్మామ్‌లో విమానం ఎక్కుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను, ఆయన నీ చేతిలోనే పెడతాడు.

పోచన్న కాక తిరిగి రావడానికి పోవడం లేదు. ఖురూజ్ కొట్టారు, అంటే ఇక అటే పోవడం. మా గదిలో ఆరు మంచాలు. నేను వచ్చినప్పుడు ఆరింటి మీదా మనవాళ్లే ఉండేవాళ్లు, అందరూ మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూరు వైపు వాళ్లే. రాత్రి ఒకరు గురక పెడితే ఇంకొకరు తిట్టేవారు. ఇప్పుడు ఇక్కడి సర్కారు నితాఖత్ అని లెక్క పెట్టింది. ఇంతమంది బయటివాళ్లను పెట్టుకుంటే ఇంతమంది ఈ దేశం వాళ్లకు కొలువు ఇవ్వాలట. మా వీసా, పని రెండూ కఫీల్ అనే యజమాని చేతిలో. ఆయన తోటలో పని చేయడానికి ఈ దేశం వాళ్లు ఎవరు వస్తారు? లెక్క తప్పాడని ఆయన పేరు ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో పడితే మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండే కార్డులు, కొత్తవి కావు. దాని మీద మనిషి తలకు ఇంత అని సుంకం. ఒకరోజు కఫీల్ స్వయంగా మా గదికి వచ్చి, మంచం మీద కూర్చుని, తన తలా మా తలలూ చూపించి, ప్రతి తలకూ తానే కట్టాలని చెప్పుకున్నాడు. ఆయన పోయాక పోచన్న కాక తన బట్టతల నిమురుకుంటూ, "మన తలకాయకు ఇంత ధర ఉందని ఊర్ల ఎవ్వలికి తెల్వదు రా గంగా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఈ వ్యవస్థ గురించి నేను ఇంకా చాలా రాయగలను. రాస్తే నువ్వు ఆ పేజీ చదవకుండా తిప్పేస్తావని తెలుసు.

ఎల్లుండి నుంచి ఆరు మంచాలకు నేనొక్కడినే. పక్క తోటలో రఫీక్ అని బంగ్లాదేశ్ అతను ఉన్నాడు, మంచివాడు. శుక్రవారం ఇద్దరం హుఫూఫ్ బజారుకు పోతాం, హిందీలో మాట్లాడుకుంటాం. కానీ కాక పోయాక తెలుగులో మాట్లాడాలంటే నాతో నేనే మాట్లాడాలి. ఇప్పటికే అలవాటు చేసుకుంటున్నాను. పొద్దున పంపు మోటారు వేసేటప్పుడు "లేస్తవా, లేవవా?" అని దాన్నే అడుగుతాను. వంట ఇంకా ఆ పెద్ద గిన్నెలోనే చేస్తున్నాను, చెయ్యి ఆగదు, బియ్యం ఎక్కువ పడిపోతాయి. మిగిలింది గొర్రెలకు వేస్తాను. తిండికి లోటు లేదు. బాగానే ఉన్నాను.

ఇప్పుడు ఖర్జూరం గెలలు కోసే పని. ఎండ కొంచెం మెత్తబడింది కానీ గాలిలో తడి, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. చెట్టెక్కి నడుముకు తాడు కట్టుకుని కూర్చుంటే చుట్టూ పచ్చటి తలలే కనిపిస్తాయి. దాని అవతల ఇసుక. ఆ ఇసుక మొదలయ్యే చోటే నా ఫొటోలోని చేను ఉండేది.

ఆ చేను కథ విను.

అంతకు ముందు అక్కడ పశువుల గడ్డి పెంచేవాళ్లం. ఆ గడ్డి నీళ్లు మస్తు తాగుతుంది, పెంచొద్దని సర్కారు అంది. అప్పుడు కఫీల్‌కు ఎవరో ఒక రంగుల కరపత్రం ఇచ్చారు. దాని మీద పసుపు పూల చేను, కొలత లేనంత దిగుబడి, నూనె సీసా బొమ్మ. అదే కనోలా. మన ఆవాలకు దగ్గరి చుట్టం, ఘాటు తక్కువ, నూనె ఎక్కువ. కఫీల్ విత్తనం తెప్పించి చేనంతా చల్లించాడు. మా తోట బాగోగులు చూసే ముహందిస్ సూడాన్ ఆయన, వ్యవసాయం చదివినవాడు. ముందు కొంచెం వేసి చూద్దామని ఆయన ఎంత చెప్పినా కఫీల్ వినలేదు. చివరికి ఆయన బతిమాలి పంపు గది పక్కన ఒక చిన్న చెక్క నేలలో ఇంకో రకం విత్తనం వేయించుకున్నాడు.

చలికాలంలో పెద్ద చేను ఎట్లా లేచిందనుకున్నావు! ఆకులు చేటలంత. ఆ రంగు చూస్తే మన చెరువు కింది పొలం గుర్తొచ్చి కడుపు నిండేది. పంపు గది పక్కది మాత్రం మోకాలు దాటలేదు, పీలగా, ఆకు కూడా అంతంతే.

పోచన్న కాక పెద్ద చేను ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇగ ఇది దొర రా. ఎట్ల నిలవడ్డడో సూడు. అగో, గా పొట్టిది పాలేరు" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "దొరలు ఎప్పుడో పోయిండ్రు కాకా" అన్నాను.

"యాడికి పోయిండ్రు? గీడికచ్చి చేనైండ్రు" అన్నాడు.

అప్పటి నుంచి మాకు అవే పేర్లు. "దొరకు నీళ్లు పెట్టినవా?", "పాలేరు పక్క గడ్డి పీకినవా?" అని. ముహందిస్ కూడా ఆ రెండు మాటలూ నేర్చుకున్నాడు.

ఇక్కడ మనవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది, నీకూ తెలుసు. ఎవరి కారు పక్కనో నిలబడి ఫొటో దిగుతారు, ఎవరి బంగళా గేటు ముందో దిగుతారు. ఆరుగురు పడుకునే గదిలో ఎవరూ దిగరు. నాకు కార్ల మీద మోజు లేదు. రైతు బిడ్డను, చేనులో దిగాను. దొర నడుమకు పోయి నిలబడ్డాను, కాక ఫోన్ పట్టుకుని "నవ్వు రా, నవ్వితే పైసలు పోతయా" అన్నాడు. ఆ ఫొటో నీకు పంపాను. నీ దగ్గరి నుంచి బావ ఫోన్‌కు, బావ నుంచి శంకరయ్యకు పోయి ఉంటుంది. ఆ ఫొటో అబద్ధం కాదు అక్కా. కానీ అందులో ఒక్క పువ్వు కూడా లేదు. ఈసారి పోయినప్పుడు దగ్గరికి పోయి చూడు. ఆకే ఉంది. ఆవాల చేను దగ్గర నిలబడి ఎవరైనా ఆకును చూసి మురుస్తారా? మేం మురిశాం. వరి, మక్క చూసి పెరిగిన కళ్లు కదా, ఏపుగా ఉంటే చాలు పంట వచ్చినట్టే అనుకున్నాం.

పాలేరు తొందరగా పూసింది. పూసిందీ తెలియలేదు, కాయ పట్టిందీ తెలియలేదు. దొర మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. చివరికి ఎప్పుడో మొగ్గ తొడిగి, చేనంతా పసుపు రంగు పరిచినట్టు పూశాడు. కఫీల్ తన చుట్టాలను కార్లలో తెచ్చి చూపించాడు, వాళ్లు పూలలో నిలబడి ఫొటోలు దిగారు. మాకందరికీ చికెన్ బిర్యానీ పెట్టించాడు.

ఆ బిర్యానీ అరిగిందో లేదో వడగాలి వచ్చింది. ఇక్కడి గాలి సంగతి నీకు ఎట్లా చెప్పాలి? పొయ్యి మూత తీసినట్టు ముఖానికి కొడుతుంది. ఆ గాలికి పువ్వు పువ్వుగానే మాడింది. కొమ్మకు పైన రెండు కాయలు, మధ్యలో ఖాళీ పుల్లలు. పోచన్న కాక కాయ ఒలిచి అరచేతిలో ఊదితే ఏమీ మిగల్లేదు. "నీళ్లు చాలలే" అని ఆయన ఇంకా నీళ్లు వదిలాడు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు పెట్టినట్టు చేను నిండా పెట్టాడు. ఇక్కడి నీళ్లు ఉప్పు నీళ్లు. అవి ఆరిపోయాక మొదళ్ల చుట్టూ తెల్లగా ఉప్పు పొక్కు కట్టింది. ఉన్న రెండు కాయలూ పోయాయి. ఆయన రోజంతా అన్నం తినలేదు పాపం.

దొరను కోసి గొర్రెలకు వేశాం. పాలేరు గింజ ఇచ్చాడు. ఎక్కువ కాదు, కానీ నిండు గింజ.

నేను ఆగానా? నా పెట్టెలోని కరపత్రాలు, చిన్న పుస్తకాలు దొరల గురించి ఏం చెబుతాయో నీకు తెలుసు కదా. నా కళ్ల ముందే రుజువైందని ఎగిరాను. ముహందిస్‌తో, "చూశారా, దొర ఎప్పుడూ ఇంతే. నీళ్లు తాగుడు, పెరుగుడు. పండేది పాలేరే!" అన్నాను.

ఆయన నవ్వాడు. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడతాడు, నెమ్మదిగా. "గంగా, దొర మీద నీకు కోపం ఎందుకు? ఆ విత్తనం చలి దేశంలో పుట్టింది. అక్కడ వాన పడుతూ ఉంటుంది, పూత కాలంలో కూడా ఎండ చల్లగానే ఉంటుంది. తీరిగ్గా పెరిగి తీరిగ్గా పూస్తుంది. అక్కడ దానికంటే బాగా పండేది లేదు. అక్కడ నీ పాలేరును వేస్తే జనం నవ్వుతారు. తప్పు విత్తనానిది కాదు. ఇక్కడ ఎండ ఎప్పుడు ముదురుతుందో దానికి ఎవరూ చెప్పలేదు."

"అయితే ఈ పాలేరు గింజలు మా అక్కకు పంపుతా. మా దగ్గర కూడా కాముని పున్నం నాటికి ఎండ ముదురుతుంది" అన్నాను. నిజంగానే ఒక గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాను కూడా.

ఆయన చెయ్యి చాపాడు, జేబులోవి తిరిగి ఇమ్మన్నట్టు. "మీ ఊళ్లో మన్ను ఏమిటి?"

"నల్లరేగడి. బాయి దగ్గర కొంచెం ఎర్ర చెలక."

"నీళ్లు ఉప్పా, తీపా? మంచు పడుతుందా? పేనుబంక వస్తుందా?"

"తీపే. మంచు పడుతుంది. పేనుబంక మా చిక్కుడు పాదుకు వస్తుంది."

"మరి ఈ రకాన్ని ఇసుకకూ ఉప్పుకూ చూసి ఎంచుకున్నాను. నీ రేగడిలో ఇది ఏం చేస్తుందో నాకు తెలియదు. నీకు తెలుసా? ఇంకో దేశం విత్తనం పెట్టెలో దాచి పంపితే దాంతో ఏ తెగులు పోతుందో అదీ తెలియదు." గింజలు తీసుకుని డబ్బాలో పోసుకున్నాడు. "మీ దగ్గర వ్యవసాయ పరిశోధన చేసేవాళ్లు లేరా? ఉంటారు. వాళ్లను అడగండి. నాలుగైదు రకాలు తెచ్చి చేను మూలన నాలుగేసి సాళ్లు వేసుకోండి. పక్కపక్కనే, ఒకే రోజు. మీ మన్నే చెబుతుంది."

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. నేను శంకరయ్య చేసిన పనే చేయబోయాను కదా, ఒక చోట పండింది కాబట్టి అన్ని చోట్లా పండుతుందని. ఈ మాట ఎవరికీ చెప్పకు. శంకరయ్యకు అసలే చెప్పకు.

ఇప్పుడు మన సంగతి. మన బాయి ఎండదు, అందుకే ఊళ్లో యాసంగికి మొదటి నాగలి మన చేనులోనే పడుతుంది. నువ్వు ఏం వేశావో చూసి కింది వాళ్లు, వాళ్లను చూసి ఆ పక్క వాళ్లు వేస్తారు. శంకరయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే నిన్ను ముందు పట్టుకున్నాడు. నువ్వు చేనంతా వేస్తే ఊరంతా వేస్తుంది. అదంతా ఆకై నిలబడి పువ్వు మీద ఎండ కొడితే? "గంగాధర్ అక్కను నమ్మి ఏసినం" అంటారు. పంట పోయిన యాసంగికి నేను ఇక్కడి నుంచి ఆదుకుంటాననే ధీమా కూడా పెట్టుకోకు. నా ఇకామా సంగతి ఖర్జూరం పని అయ్యాక చూద్దామని కఫీల్ అన్నాడు. ఆ "చూద్దాం" అన్న మాట తర్వాత ఇప్పటిదాకా ఎవరూ మిగల్లేదు. నాకూ ఖురూజ్ పడితే నేను వచ్చేది ఆ చేనులోకే అక్కా. ఇంకెక్కడా నాకు చోటు లేదు. భయపడకు, బాగానే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను అంతే.

కనోలా వేయొద్దని నేను అనడం లేదు. శంకరయ్య విత్తనం మన మన్నులో బంగారం పండొచ్చు. నాకు తెలియదు. వాడికీ తెలియదు. నువ్వు ప్రతి ఏడూ గట్ల మీద చల్లే మన చిన్న ఆవాలు మట్టి గురిగిలో ఉన్నాయి కదా, వాటినీ, శంకరయ్యదీ, పరిశోధన వాళ్లు ఇచ్చే రకాలనూ పక్కపక్కనే నాలుగేసి సాళ్లు వెయ్యి. మిగతా చేనులో నీకు తెలిసిన పంటే వెయ్యి. పందుల కావలికి ఈ ఒక్క ఏడు ఊరంతా వంతులు వేసుకోండి. వంతుల మాట నువ్వు ఎత్తితే వినకుండా ఉండరు. కరపత్రాలు కావలికి రావన్నావు. సరే, రానీ. మనుషులు వస్తారు.

చిన్న చిన్న పనులు కొన్ని చెబుతున్నాను. పోచన్న కాక ఇంటికి ఒకసారి పో. ఆయన ఇక్కడి చేను ఎండిన బాధ, ఖురూజ్ బాధ రెండూ కలిపి మోస్తున్నాడు, పైకి నవ్వుతాడు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయనకు అన్నం పెట్టి పంపు. కోరుట్ల వైపు నుంచి ఎవరైనా ఇటు వస్తున్నారంటే చింతకాయ తొక్కు, నువ్వుల పొడి పంపు. ఎక్కువ వద్దు, తినేది ఒక్కడినే. ఈసారి బతుకమ్మ పేర్చినప్పుడు ఫొటో తీసి పంపు, తంగేడు పువ్వు బాగా కనపడాలి. ఇక్కడ పసుపు రంగు చూస్తే నాకు మాడిన చేనే గుర్తొస్తోంది, ఆ గుర్తు పోవాలి.

పెద్దవ్వకు నా పేరు చెప్పి కాళ్లు మొక్కు. వాడకట్టులో పెద్దలందరికీ శనార్థులు చెప్పు. బావ చల్లగా ఉండాలి. నువ్వు నాకంటే పెద్దదానివి, తిట్టినా దీవించు, దీవించి తిట్టినా సరే. నీ మాట వినపడితే చాలు.

ఈ ఉత్తరంతో పాటు అర కాగితం ఒకటి పెడుతున్నాను. అది నా కరపత్రం. ఇన్నాళ్లు ఎవరెవరో రాసినవి చదివాను, రాయడం ఇదే మొదలు. పాలకేంద్రం తలుపుకు అంటించు. అందులో చెప్పిన కూడికను మంగళవారం పొద్దున అందరూ పాలు పోయడానికి వచ్చే వేళకే పెట్టాను, శంకరయ్య ప్యాకెట్లు పంచేది ఆ మధ్యాహ్నం నుంచి అన్నావు కదా. పోచన్న కాక మాట్లాడతాడు. బావ తడబడతాడు కాబట్టి ఉత్తరంలోని చేను కథ నువ్వే చదువు. మీకు ఏడు కొట్టినప్పుడు ఇక్కడ నాలుగున్నర. నేను లేచి, దీపం వేసుకుని, నా మంచం మీద కూర్చుంటాను. ఎదురుగా ఐదు మంచాలు ఖాళీగా ఉంటాయి. మీరందరూ వాటి మీద కూర్చున్నారనుకుంటాను.

నీ తమ్ముడు
గంగాధర్

*

ఊరి రైతులకు మనవి.

శంకరయ్య దుకాణం గోడ మీద చూస్తున్న చేనులో పువ్వు మాడిపోయింది, గింజ పట్టలేదు. ఆ చేనుకు నీళ్లు పెట్టిన పోచన్న మన ఊరికి వచ్చాడు, ఆయననే అడగండి. మన మన్నులాంటి మన్నులో, మన ఎండలో ఈ విత్తనం ఎక్కడ కాసిందో ఆ చేనును శంకరయ్య మనకు చూపించాలి. చూపించేదాకా ఎవరూ చేనంతా వేయొద్దు. ఫొటోను గోడ నుంచి తీసి మా అక్క చేతికి ఇవ్వాలి.

ఏ రకాలు ఎన్ని సాళ్లు వేద్దాం, పందులకు కావలి వంతులు ఎట్లా, కలిసి మాట్లాడుకుందాం. ఆడవాళ్లు తప్పకుండా రావాలి, విత్తనం దాచేది వాళ్లే.

దసరా దాటాక వచ్చే మంగళవారం, పొద్దున ఏడు గంటలకు, పాలకేంద్రం అరుగు దగ్గర. పాలు పోసి వెళ్లిపోకండి. ఆగండి.

ఇట్లు,
ఆ ఫొటోలో నిలబడ్డవాడు